ఆదిశేషు గారి టోక్యో

ఆదిశేషు గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరైనా ఇండియాకి టికెట్ కొన్నామని చెబితే చాలు, వాళ్ళకి టోక్యో చూపించకుండా వదిలిపెట్టరు.

డెబ్భైల చివర, ఎనభైల మొదట్లో సన్నీవేల్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పట్టేసేవారు. వాళ్ళలో చాలామంది ఇండియాకి పసిఫిక్ మీదుగా వెళ్ళేవారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కి టోక్యోలో దిగాలి. అక్కడ ఎక్కువగా ఒక రాత్రి పడుకుని మర్నాడు ఇంకో విమానం పట్టుకోవాలి. విమానం వాళ్ళే హోటల్ గది ఇచ్చి, ఆ ఒక్కరోజుకీ ఊళ్ళోకి వెళ్ళిరావడానికి కాగితం ఇప్పించేవారు. మామూలు మనుషులకి అది ప్రయాణంలో తప్పని అవస్థ. ఆదిశేషు గారి దృష్టిలో అసలు ప్రయాణం అదే. ఇండియా అనేది టోక్యో దాటాక ఎక్కడో వచ్చే చిన్న మజిలీ.

"వచ్చే నెల ఇండియా వెళ్తున్నామండీ" అంటే లోకంలో ఎవరైనా ఎన్నాళ్ళుంటారని అడుగుతారు. ఆయన అడిగేది వేరు.

"టోక్యోలో ఎన్ని గంటలు?"

"ఏడో ఎనిమిదో అండీ."

"ఏడు గంటల్లో ఏం చూస్తారు, నా మొహం. దిగడం, ఎక్కడం."

"మేం దిగి ఎక్కడానికే వెళ్తున్నామండీ."

"మీ ట్రావెల్ ఏజెంట్ నంబర్ ఇవ్వండి. నేను మాట్లాడతాను."

మాట్లాడేవారు కూడా. ఆఫీసులో ఆయన పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. చిప్‌లు చేసే కంపెనీలో సీనియర్ ఇంజనీరు. జేబులో పెన్నులు, మెడలో సన్నటి టై, మొహంలో ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టుండే చూపు. ఆయన మేనేజర్ చాలాకాలం ఈయనకి ఇంగ్లీషు రాదనుకున్నాడట. అలాంటి మనిషి ట్రావెల్ ఏజెంట్‌తో మాత్రం ప్లీడరులా వాదించి, ఏడు గంటల మజిలీని ఇరవై నాలుగు గంటలకి సాగదీయించేవారు.

సన్నీవేల్‌లో ఆయనకి దారులు తెలియవు. పదేళ్ళుగా ఉంటున్న ఊళ్ళో పాల డబ్బాకని బయల్దేరి మౌంటెన్ వ్యూలో తేలేవారు. ఆయన డాట్సన్ కారులో పక్కన భార్య లీల కూర్చుని "లెఫ్ట్, లెఫ్ట్, ఇప్పుడు రైట్" అంటుంటే తప్ప ఇల్లు చేరేవారు కాదు. అదే టోక్యో అయితే ఏ స్టేషన్‌లో ఏ మెట్లు దిగితే ఏ దుకాణం ఎదురవుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. అసకుసా గుడి గుమ్మానికి వేలాడే ఎర్ర లాంతరు మనిషికి ఎంత ఎత్తున ఉంటుంది, టోక్యో టవర్ ఎండలో ఏ రంగు, గింజా బజారులో ఏ మూల నిలబడితే జనం తొక్కకుండా ఉంటారు, అన్నీ తెలుసు.

సోమవారం టోక్యోలో ఉండేవాళ్ళంటే ఆయనకి జాలి. సోమవారం ఉయెనో జూకి సెలవు. పాండాలుండవు, అంటే ఉంటాయి గానీ కనపడవు. "సోమవారమా?" అని గోపీనాథ్ గారి దంపతులను ఆయన పరామర్శించిన తీరు చూసి, పక్కనున్నవాళ్ళు వాళ్ళింట్లో ఎవరో పోయారనుకున్నారు.

ఇక లండన్ మీదుగా వెళ్ళేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. శ్యామ్‌సుందర్ ఒకసారి లండన్ టికెట్ కొన్నాడు. తక్కువకి దొరికింది, కొన్నాడు. ఆ సంగతి విని ఆదిశేషు గారు దగ్గరికొచ్చారు. భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే, పొరపాట్లు అందరం చేస్తాం" అన్నారు. శ్యామ్‌సుందర్ మరెప్పుడూ ఆ పని చెయ్యలేదు.

డెబ్భై ఎనిమిదిలో జపాన్ వాళ్ళు హనేదాలో ఉన్న అంతర్జాతీయ విమానాశ్రయాన్ని తీసి ఊరికి అల్లంత దూరాన నరీతాలో పెట్టినప్పుడు చూడాలి ఆయన బాధ. సొంత ఇల్లు కూలగొట్టినట్టు అయిపోయారు. "ఎవర్ని అడిగి మార్చారండీ? రానూపోనూ మూడు గంటలు రైల్లోనే పోతే మనవాళ్ళు ఏం చూస్తారు?" అని పార్టీలో పులిహోర పళ్ళెం పట్టుకుని కనపడిన వాళ్ళందరినీ నిలదీశారు. వారంరోజులు శోకించి, తర్వాత మొత్తం కార్యక్రమం తిరగరాసి, గింజాని త్యాగం చేశారు. ఆ త్యాగం గురించి రెండేళ్ళు చెప్పుకున్నారు.

తిండి విషయంలో ఆయన సలహా ఒకటే. భాషతో పని లేదు, హోటళ్ళ ముందు అద్దాల్లో ప్లాస్టిక్‌తో చేసిన వంటకాలు పెడతారు, వడ్డించే పిల్లని బయటికి పిలిచి కావలసింది వేలితో చూపించడమే. రవికుమార్ అనే కుర్రాడు అలాగే వంకాయ వేపుడని చూపించాడు. వచ్చింది పాము చేప. నిష్ఠగల శాకాహారి, పైగా కొత్తగా పెళ్ళయినవాడు, పెళ్ళాం ముందు ఏడవలేక నవ్వి మూడు గ్లాసుల నీళ్ళు తాగి బయటపడ్డాడు. తిరిగొచ్చి చెబితే ఆదిశేషు గారు ఏమాత్రం చలించలేదు.

"ఏ హోటల్? కుడివైపు మూడోదా, నాలుగోదా?"

"నాలుగోది అనుకుంటానండీ."

"మూడోదానికి వెళ్ళమన్నాను కదయ్యా. అక్కడ నూనెలో వేయించిన చిలగడదుంప ఉంటుంది."

అలా తిరిగొచ్చిన వాళ్ళని అడగడం ఇంకో ఘట్టం. ఇండియాలో మీ అమ్మగారు కులాసాయేనా అని అడిగేవారు కాదు. సూటిగా పరీక్ష. మెట్లు కుడివైపా ఎడమవైపా, లాంతరు దగ్గర పావురాలున్నాయా, పాండా మేలుకుని ఉందా. ఇదే రవికుమార్ రెండోసారి వెళ్ళినప్పుడు హోటల్లో ముసుగుతన్ని పడుకుని, వచ్చి అన్నీ చూశానని కోశాడు. టోక్యో టవర్ ఎలా ఉందంటే తెల్లగా ఉందన్నాడు. ఆదిశేషు గారు కాసేపు ఆలోచించి, "నారింజ రంగు వేస్తారు కదా. పాపం, ఆ రోజు మంచు పట్టి ఉంటుంది" అన్నారు. అబద్ధం పట్టుకుని తిట్టినా బాగుండేది. ఆయన నమ్మడం చూసి రవికుమార్‌కి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

విచిత్రమేమిటంటే, ఇంత వాగ్ధాటీ లీల గదిలోకి రాగానే సగంలో ఆగిపోయేది. ఆవిడ కాఫీలు పట్టుకొస్తుంటే ఈయన గొంతు తగ్గించి, "మిగతాది తర్వాత" అని కళ్ళతో సైగ చేసేవారు. ఈ టోక్యో గోల ఆవిడకి గిట్టదని, ఇంట్లో బాగా చీవాట్లు పడుతున్నాయని ఊరంతా అనుకునేవారు.

ఎనభై మూడులో ఆయన చేతికి జయంతి చిక్కింది.

జయంతి సన్నీవేల్ వచ్చి రెండేళ్ళయింది. వచ్చేటప్పుడు భర్త గోపాల్ చెయ్యి పట్టుకుని వచ్చింది, ఆ తర్వాత ఆ చెయ్యి పెద్దగా వదల్లేదు. భయస్తురాలని ఆ పిల్లే ఒప్పుకుంటుంది. చిన్నప్పుడు తెనాలి స్టేషన్‌లో ఒక పూట తప్పిపోయింది, అప్పట్నుంచీ కొత్త చోటంటే కాళ్ళు వణుకుతాయి. అపార్ట్‌మెంట్‌లో లాండ్రీ రూమ్‌కి కూడా పక్కింటి మెక్సికన్ ఆవిడ వెళ్ళేదాకా ఆగి, ఆవిడ వెనకాలే వెళ్ళేది. అలాంటి మనిషికి చెల్లెలు మీనా పెళ్ళి కుదిరింది. గోపాల్ ప్రాజెక్టు సరిగ్గా అదే నెలలో డెలివరీ. సెలవు లేదు. ఆ నెలలో అటు వెళ్ళేవాళ్ళూ ఎవరూ లేరు. వెళితే ఒంటరిగా వెళ్ళాలి, లేకపోతే ఉన్న ఒక్కగానొక్క చెల్లెలి పెళ్ళి ఫోటోల్లో చూసుకోవాలి.

టికెట్ కొన్నారు. కొన్న రోజు నుంచీ జయంతి అన్నం సరిగ్గా తినడం మానేసింది.

"కాన్సిల్ చేసేద్దామండీ. మీనాకి నేను నచ్చచెప్పుకుంటాను" అంది.

"ఎందుకు కాన్సిల్? డైరెక్ట్‌గా వెళ్ళిపోతావు. మధ్యలో టోక్యోలో ఒక్క నైట్ స్టే, అంతే" అన్నాడు గోపాల్.

"ఆ ఒక్కటే. అక్కడ నేను తప్పిపోతే నన్నెవరు వెతుకుతారు?"

గోపాల్ నోరు జారి ఈ సంగతి ఆదిశేషు గారి చెవిన వేశాడు. శనివారం పొద్దున్నే డాట్సన్ వచ్చి ఆగింది.

"జయంతీ, ఏ రోజు దిగుతున్నావమ్మా?" అన్నారు, చెప్పులు విప్పుతూనే.

"ఆదివారం సాయంత్రం అండీ."

"అంటే ఊరు చూసేది సోమవారం. ఠాఠ్, కుదరదు. గోపాల్, టికెట్ మార్పించు."

"ఆదిశేషు గారూ, నాకు చూడాలని లేదండీ. ఏ గేటు దగ్గర దిగాలో, ఏ గేటు దగ్గర ఎక్కాలో అది చెప్పండి చాలు. నాకు నిజంగా భయంగా ఉంది."

"గేటుదేముందమ్మా, ఎవర్నడిగినా చెబుతారు. పాండా సంగతి ఎవరు చెబుతారు?"

జయంతికి ఒళ్ళు మండింది. ప్రాణభయంతో తాను చస్తుంటే ఈయనకి పాండాలు కావలసి వచ్చాయి. కానీ పెద్దమనిషి, ఇంటికొచ్చాడు, ఏమంటాం. గోపాల్ టికెట్ బుధవారం దిగేట్టు మార్పించాడు. ఆ శనివారంతో మొదలై వరసగా ప్రతి శనివారం పాఠాలు నడిచాయి.

పాఠానికి పుస్తకం లేదు. హాలే టోక్యో. సోఫా అసకుసా గుడి, టీవీ టోక్యో టవర్, డైనింగ్ టేబుల్ కింద పాండాలు, ఫ్రిజ్ నరీతా. మధ్యలో కాఫీ టేబుల్ చుట్టూ ఊరిని చుట్టి తిరిగే పచ్చ రైలు, దాని పేరు యమనోతే.

"ఇది తెలిస్తే టోక్యో తెలిసినట్టే" అన్నారాయన. "ఈ రైలు గుండ్రంగా తిరుగుతుంది. నిద్రపోయావనుకో, గంట తర్వాత ఎక్కిన చోటే లేస్తావు. నువ్వు తప్పిపోవాలని ఎంత ప్రయత్నించినా ఇందులో తప్పిపోలేవు. ఊళ్ళో ఎక్కడ కంగారు పుట్టినా దీన్లో ఎక్కి కూర్చో. పద, స్టేషన్ల పేర్లు చెబుతూ నా వెనకాల నడువు. ఉయెనో, ఉగుయిసుదాని, నిప్పోరి..."

జయంతి రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"మనం ఎడమచేతి వైపు తిరుగుతున్నామండీ. అప్రదక్షిణం. అసలే పెళ్ళికి వెళ్తున్నాను."

ఇలాంటి సందేహం ఇన్నేళ్ళలో ఆయనకి ఎవరూ తేలేదు. కాఫీ టేబుల్ దగ్గర నిలబడి గడ్డం గోక్కున్నారు. "నిజమే సుమా. పోనీ రెండో వైపు నుంచి కూడా రైళ్ళుంటాయి. కానీ పేర్లన్నీ తలకిందులవుతాయి, ఉండు" అని కళ్ళు మూసుకుని మననం చేసుకుని, ఈసారి కుడిచేతి వైపు బయల్దేరారు. ఆఫీసు నుంచి గోపాల్ తలుపు తీసుకుని వచ్చేసరికి, తన భార్యా, సీనియర్ ఇంజనీరుగారూ ఒకరి వెనక ఒకరు కాఫీ టేబుల్ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ "ఉయెనో, ఒకాచిమాచి, అకిహబరా, కాందా" అని గొంతు కలిపి చదువుతున్నారు. గోపాల్ తలుపు మెల్లగా మూసి, మెయిల్ బాక్స్ చూసుకొస్తానని మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

బయల్దేరే రోజు ఎయిర్‌పోర్ట్‌కి కూడా వచ్చారాయన. గోపాల్ భార్యతో రెండు మాటలు చెప్పుకుందామనుకుంటే సందివ్వలేదు. "హమమత్సుచో స్టేషన్ దగ్గర కుడివైపు కిటికీలోంచి చూడు, టవర్ కనపడుతుంది. రాగానే చెప్పాలి" అన్నది జయంతి చెవిలో పడ్డ చివరి మాట. విమానం లేచాక, భర్తకి సరిగ్గా వెళ్ళొస్తానని కూడా చెప్పలేదని గుర్తొచ్చి తిట్టుకుంది.

నరీతాలో దిగేటప్పుడు రెండు చేతులతో బ్యాగు గట్టిగా పట్టుకుంది. కానీ ఆయన చెప్పినట్టే నీలం రంగు సూట్ వేసుకున్న అమ్మాయి బోర్డు పట్టుకుని నిలబడింది, ఆయన చెప్పినట్టే వంగి వంగి దణ్ణాలు పెట్టింది, హోటల్ బస్సు ఆయన చెప్పిన చోటే ఉంది. తెల్లారి లేచి, స్నానం చేసి, తెచ్చుకున్న జంతికలు తిని, జయంతి తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

విమానం సాయంత్రం. అప్పటిదాకా ఈ గదిలోనే మంచం మీద కూర్చుంటే ఎవరడిగారు? గడియ వేసుకుంటే ఎవరూ రారు. హాయిగా కూర్చోవచ్చు. మంచం మీద కూర్చుంది కూడా. కూర్చున్నాక ఆదిశేషు గారి మొహం గుర్తొచ్చింది. తిరిగి వెళ్ళగానే వచ్చి ఎదురుగా కూర్చుని, పాండా మేలుకుని ఉందా అని అడుగుతారు. ఏదో ఒకటి చెబితే నమ్మేస్తారు కూడా. ఆ నమ్మడమే భరించలేనిది. టోక్యోలో తప్పిపోవడం పెద్ద కష్టమా, ఆ మనిషి మొహం చూసి అబద్ధమాడడం పెద్ద కష్టమా అని ఆలోచించి, జయంతి లేచి గడియ తీసింది.

రైలెక్కి ఉయెనో, అక్కణ్ణుంచి పసుపు రైలులో అసకుసా. ఎర్ర లాంతరు నిజంగానే అంత ఎత్తున ఉంది. గుడి ముందు పెద్ద ఇత్తడి పాత్రలో అగరొత్తులు గుత్తులు గుత్తులుగా కాలుతున్నాయి. జనం ఆ పొగని రెండు చేతులతో తల మీదికి తెచ్చుకుంటున్నారు, మనం హారతి కళ్ళకద్దుకున్నట్టు. జయంతి కూడా తెచ్చుకుంది. పక్కనున్న ముసలమ్మ ఇంకాస్త పొగ తీసి జయంతి తల మీదకి తోసి, తన మోకాళ్ళు చూపించి, అక్కడ కూడా రాసుకోమని సైగ చేసింది. జయంతి రాసుకుంది. ముసలమ్మ నవ్వింది, తనూ నవ్వింది. నవ్వాక తెలిసింది, పొద్దున్న గది దాటినప్పట్నుంచీ తనకి భయపడే తీరిక దొరకలేదని.

పాండా వీపు తిప్పి పడుకుంది. ఎంతసేపు నిలబడ్డా మొహం చూపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన చెప్పిన ఎడమవైపు తలుపు కోసం వెతుక్కుంటూ, అసలు చూడని వీధిలో తేలింది. ఒక్క అక్షరం అర్థం కాదు, ఒక్క మొహం తెలిసింది కాదు. తెనాలి స్టేషన్‌లో ఏడుస్తూ నిలబడ్డ చిన్నపిల్ల మళ్ళీ లోపల లేచి కూర్చుంది. అప్పుడు వంతెన మీద నుంచి పచ్చ రైలు వెళ్ళింది. జయంతి ఆ వంతెన పట్టుకుని నడిచి, దగ్గర్లో దొరికిన స్టేషన్‌లో ఎక్కి కూర్చుంది, ప్రదక్షిణం వైపు తిరిగే రైలే. స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటే ఇంగ్లీషు అక్షరాల్లో కిటికీ బయట వస్తుంటే లోపల్లోపల చదువుకుంది. హమమత్సుచో దగ్గర కుడివైపు టవర్ కనపడింది. నారింజ రంగే. ఉయెనో మళ్ళీ వచ్చింది. దిగాల్సింది, కానీ దిగలేదు. సరదాకి ఇంకో చుట్టు తిరిగింది.

పెళ్ళి బాగా జరిగింది. పీటల మీద మీనా, అక్క చెయ్యి పట్టుకుని, "నువ్వు రావనుకున్నానే" అని ఏడిచింది. "టోక్యో చూసి వస్తున్నాను" అంది జయంతి, కాస్త గర్వంగానే.

తిరిగొచ్చిన మొదటి శనివారం ఆదిశేషు గారు వచ్చే లోపలే జయంతి, గోపాల్ ఇద్దరూ ఆయనింటికే వెళ్ళారు. లీల వంటింట్లో గారెలు వేస్తోంది. ఆదిశేషు గారు గొంతు తగ్గించి పరీక్ష మొదలుపెట్టారు. జయంతి ఒక్కదానికీ తడుముకోలేదు.

"ఒకటి మాత్రం మీరు తప్పు చెప్పారండీ" అంది చివర్లో. "ఉయెనోలో పార్కు వైపు తలుపు మెట్లెక్కాక కుడివైపు. మీరు ఎడమన్నారు. అందుకే తప్పిపోయాను. మీరు వెళ్ళినప్పుడు ఎడమవైపు ఉండేదా?"

ఆదిశేషు గారు కార్పెట్ వంక చూశారు. వంటింట్లోంచి పెద్దగా నవ్వు వినపడింది.

"ఆయనెప్పుడు వెళ్ళారమ్మా?" అంది లీల, చిల్లుగరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి. "టోక్యోలో కాలే పెట్టలేదు. ఆయన ఈ దేశం వచ్చింది లండన్ మీదుగా. ఒకే ఒక్కసారి ఇండియా వెళ్ళాం, అదీ లండన్ మీదుగానే."

గోపాల్ నోట్లో గారె అలాగే ఉండిపోయింది. జయంతి ఆదిశేషు గారి వంక చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"మరి ఇదంతా..." అంది జయంతి.

"నావల్లే" అంది లీల. గరిటె పళ్ళెంలో పెట్టి వచ్చి కూర్చుంది. "మా పెళ్ళయ్యాక ఆయన ముందొచ్చేశారు. తర్వాత ఆరునెలలకి నేను ఒక్కదాన్నే బయల్దేరాను. మా నాన్నగారు బాపట్లలో హెడ్మాస్టారు. బొంబాయి వచ్చి విమానం ఎక్కించి, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చో, ఎవరు పిలిచినా లేవకు, అల్లుడుగారొచ్చి పిలిస్తేనే లేవాలి అని చెప్పారు. టోక్యోలో దింపి ఒక కుర్చీ చూపించారు. కూర్చున్నాను. హోటల్‌కి రమ్మని ఆ పిల్లలు వచ్చి వంగి వంగి దణ్ణాలు పెట్టారు. నేను లేవలేదు. పెద్దాయన ఎవరో వచ్చి బతిమాలాడు. లేవలేదు. చేతిలో బ్యాగు వదలలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. ఒక రాత్రీ ఒక పగలూ అలాగే ఉన్నాను. ఆ పిల్లలే దుప్పటి కప్పి, వంతులు వేసుకుని నా పక్కన కూర్చున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో అన్న మాట చెవిన పడ్డాకే లేచాను. ఇక్కడ దిగేసరికి కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టలేదు. చేత్తో పట్టుకుని నడిచొచ్చాను."

"అయ్యో" అంది జయంతి.

"ఈయనకి నాతో ఏం మాట్లాడాలో తెలీదు. పెళ్ళిచూపుల్లో ఒకసారి, పెళ్ళిలో నాలుగు రోజులు చూసిన మనిషిని కదా. పాపం మర్యాదకి, టోక్యోలో ఏం చూశావు అని అడిగారు. నేల చూశానన్నాను. అని ఏడుపు లంకించుకున్నాను. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి జపాన్ పుస్తకాలన్నీ తెచ్చుకున్నారు. ఆ పుస్తకాల్లో లేనిది తిరిగొచ్చినవాళ్ళని అడిగి అడిగి తెలుసుకున్నారు. ఇంక ఈ ఊరినుంచి వెళ్ళే మనిషెవరూ అక్కడ నేల చూస్తూ కూర్చోకూడదట."

జయంతికి అప్పుడు అర్థమైంది. పరీక్ష అనుకున్నది పరీక్ష కాదు. తలుపు కుడివైపో ఎడమవైపో తన తర్వాత వెళ్ళే మనిషి కోసం అడుగుతున్నారు. భయంగా ఉందని తను చెప్పిన ప్రతిసారీ ఈయన పాండా సంగతెత్తడం, తన మాట వినిపించుకోకపోవడం వల్ల కాదు. చెవులారా విన్నారు, విన్నారు కాబట్టే బయల్దేరే నిమిషం దాకా ఆ బుర్రలో భయానికి చోటు లేకుండా స్టేషన్లు కుక్కారు.

ఆదిశేషు గారు కళ్ళజోడు పెట్టుకుని, "ఇంతకీ ఆ కుడివైపు తలుపు పక్కన చెప్పుల షాపు ఉందా?" అన్నారు.

"చాల్లెండి" అంది లీల. "ఊరందరినీ తీసుకెళ్ళారు. నన్నొక్కదాన్నీ ఎప్పుడైనా రమ్మన్నారా?"

"నీకు ఆ ఊరి పేరెత్తితే బాధ కదా అని..."

"బాధని నేనన్నానా?"

"నేల చూశానన్నావు."

"చూసింది చెప్పాను. చూడనివి చూడనని అన్నానా? పదమూడేళ్ళుగా వంటింట్లో చెవి ఒగ్గి వింటున్నాను. నేను గుమ్మంలోకి రాగానే నోరు మూసేస్తారు. ఆ లాంతరు తర్వాత ఏమొస్తుందో నాకింతవరకూ తెలీదు."

ఆదిశేషు గారు ఆఫీసులో ఎలా ఉంటారో అలా అయిపోయారు. పదమూడేళ్ళు అంత జాగ్రత్తగా గొంతు తగ్గించింది ఈవిడ బాధపడుతుందనా, ఈవిడేమో వినపడక బాధపడిందా అని ఆయన లెక్క వేసుకుంటున్నట్టు మొహంలో కనపడుతూనే ఉంది.

"టికెట్లు బుక్ చెయ్యండి" అంది లీల లేచి వంటింట్లోకి వెళ్తూ. "ఈసారి ఎవరు కూర్చోమన్నా కూర్చోను."

ఆయన చాలాసేపు వంటింటి గుమ్మం వంకే చూస్తూ కూర్చున్నారు. ఆ మొహంలో అంత సంతోషం జయంతి ఎప్పుడూ చూడలేదు. మెల్లమెల్లగా ఆ సంతోషం తగ్గి, దాని చోట ఇంకేదో వచ్చింది. గోపాల్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళేదాకా ఆగి, సోఫా మీద కాస్త ముందుకి జరిగారు.

"జయంతీ, నువ్వు స్వయంగా చూసొచ్చావు కదా. ఒక మాటడుగుతాను, ఎవరితో అనకు. నేను చూడని ఊరు, అంత పెద్ద ఊరు. అక్కడ తప్పిపోతే ఎలాగమ్మా?"

"తప్పిపోతారు" అంది జయంతి. "తప్పకుండా తప్పిపోతారు. ఏం పర్వాలేదు, పక్కన లీల అక్కయ్య ఉంటుందిగా."

ఆదిశేషు గారు ఆ మాట గురించి కాసేపు ఆలోచించారు. "అవును సుమా" అని, నిశ్చింతగా ఇంకో గారె తీసుకున్నారు.